తొమ్మిదో గడి

జూన్ 2, మంగళవారం

లైసెన్సు ఆఫీసు నుంచి రెండో నోటీసు వచ్చింది. మొదటిది నేను చించి చెత్తబుట్టలో వేశానని వాళ్ళకెలా తెలిసిందో, ఈసారి ఎర్రసిరాతో గీతలు కొట్టి మరీ పంపారు. సోమవారం సాయంత్రం నాలుగింటిలోగా ప్రమాద నివేదిక ఇవ్వాలట. ఇవ్వకపోతే నా డ్రైవింగ్ స్కూలు బోర్డు దించుకోవాలట.

నివేదిక అంటే గ్రంథమేమీ కాదు. ఒక్క కాగితం, పదకొండు గడులు. కాఫీ తాగుతూ ఎనిమిది నింపేశాను. కారు నంబరు, తేదీ ఏప్రిల్ పద్నాలుగు, చోటు బస్టాపు గోడ, నేర్చుకునే మనిషి వయసు ఇరవై ఒకటి, నేర్పే మనిషి అనుభవం ఇరవై ఆరేళ్ళు. తొమ్మిదో గడి దగ్గర పెన్ను ఆగింది. ప్రమాదానికి కారణం: (అ) నేర్చుకునేవారి పొరపాటు, (ఆ) నేర్పేవారి పొరపాటు లేదా అనారోగ్యం. ఏదో ఒకదానికి టిక్కు పెట్టాలి. 'అ' అయితే స్టూడెంటు రెండేళ్ళ దాకా లైసెన్సు పరీక్షకు వెళ్ళకూడదు. 'ఆ' అయితే నా లైసెన్సు పోతుంది, మళ్ళీ ఈ జన్మలో రాదు. పదో గడిలో నా సంతకం, పదకొండో గడిలో స్టూడెంటు సంతకం.

స్టూడెంటు అంటే ఎవరో కాదు, మా అక్క కూతురు. పిచ్చుక అని పేరు పెట్టింది నేనే, పుట్టినప్పుడు అంతే ఉండేది. వాళ్ళ వైపు ఊళ్ళు తిరిగే పశువుల డాక్టరమ్మ తన వ్యాన్ నడపడానికీ, సాయానికీ మనిషి కావాలంది. దీనికి ఆ చదువు ఉంది, లైసెన్సు ఒక్కటే లేదు. అది తెచ్చుకుంటే ఉద్యోగం నీదే, జూన్ ఆఖరు దాకా చూస్తాను అంది ఆవిడ. అందుకని మా ఇంటికి వచ్చి, నా దగ్గర నెల రోజులు నేర్చుకుంది. ఇప్పుడు మోకాలికి పట్టీ వేసుకుని వాళ్ళింట్లో కూర్చుంది. మోకాలు ఇంకో నెలకు బాగవుతుందట.

అది కంగారుపడింది. మలుపులో బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కింది. ఆ రోజు పేజీ తీసి చూశాను, అదే రాసి ఉంది, నా చేతిరాతే. డైరీలో అబద్ధం ఎవడు రాసుకుంటాడు?

నాకు కళ్ళు తిరిగిన మాట నిజమే. కొంచెం. ఎండ బాగా ఉంది ఆ రోజు. అది వేరే సంగతి.

జూన్ 3, బుధవారం

శుక్రవారం అక్క వాళ్ళింటికి వెళ్తున్నాం, ముగ్గురమూ. సంతకం కోసం కాదు. అక్కను చూసి చాలా రోజులైంది.

కాగితం కారు సొరుగులో పెట్టాను. పెన్ను కూడా.

జూన్ 4, గురువారం

"రేపు బండి నేను నడుపుతాను," అంది మా ఆవిడ, బట్టలు సర్దుతూ. "మీకు మోకాళ్ళ నొప్పులు కదా."

మోకాళ్ళ నొప్పులని చెప్పింది నేనే. ఏప్రిల్ నుంచి స్టీరింగు ముట్టకపోవడానికి ఏదో ఒకటి చెప్పాలి కదా. కారు క్లాసులన్నీ మా అసిస్టెంటు చూసుకుంటున్నాడు. నేను ఆఫీసులో కూర్చుని, గోడమీది రోడ్డు గుర్తుల బొమ్మలకు కర్ర ఆనించి, ఇది మలుపు, ఇది ఎత్తు, ఇది బడి అని చెబుతున్నాను.

ఇరవై ఆరేళ్ళలో నాలుగు వేల మందికి కారు నేర్పాను. అందులో జడ్జీ ఉన్నాడు, కార్ల దొంగ ఉన్నాడు. మా ఆవిడ లేదు. ఐదారుసార్లు అడిగింది, వచ్చే వారం చూద్దాం అన్నాను. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదనుకుందేమో, మే నెలలో వెళ్ళి ఎదురు వీధి స్కూల్లో చేరింది. ఆ స్కూలు ఓనరు మొహం చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది. "మీ ఆయనకి నా నమస్కారాలు చెప్పండమ్మా," అన్నాడట, పళ్ళన్నీ కనపడేలా. మూడు వారాలు నేర్చుకుని, మొదటి పరీక్షలోనే పాసైంది. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో సగం మంది రెండోసారి వెళ్ళినవాళ్ళే.

ఇంత వయసొచ్చాక ఇప్పుడెందుకు నేర్చుకున్నావని అడిగాను. "అవసరం పడుతుందనిపించింది," అంది. ఏం అవసరమో చెప్పలేదు. నేనూ రెట్టించలేదు.

జూన్ 5, శుక్రవారం

అక్క ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. ఇంకా వెలుగుంది. లోపల అందరూ మాట్లాడుకుంటున్నారు. ప్రయాణం బడలిక అని చెప్పి బయటికి వచ్చేశాను.

మాకున్నది స్కూలు కారే. నెత్తిమీది బోర్డు విప్పేశాను గానీ, వెనకాల 'నేర్చుకుంటున్నారు, దూరంగా ఉండండి' అన్న అక్షరాలు అలాగే ఉన్నాయి. దారిపొడుగునా లారీవాళ్ళు మా ఆవిడను చూసి నవ్వుతూ హారను కొట్టి దాటిపోయారు. ఆమె చలించలేదు. యాభైకి మించి పోదు, యాభైకి తగ్గదు. రోడ్డుకు అటూ ఇటూ కోసేసిన చేలు, మధ్యమధ్య ఇటుకబట్టీలు. చెప్పకూడదు గానీ బాగానే నడుపుతుంది. క్లచ్ వదలడం నాకంటే మెత్తగా వదులుతుంది. అదీ ఒళ్ళుమంట.

స్కూలు కారు కాబట్టి పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఇరవై ఆరేళ్ళుగా నా కాలు ఉండే చోటు అదే. వద్దనుకున్నా వెళ్తుంది. సైకిలు అడ్డొస్తే తొక్కాను, కుక్క కనపడితే తొక్కాను, వంతెన వస్తే తొక్కాను. వెనక సీట్లో మా అమ్మాయి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. దానికి పదిహేడేళ్ళు, ఆ వయసుకు తండ్రి ఒక నవ్వులాట వస్తువు.

"నాన్నా, పద్నాలుగు."

"నోర్ముయ్."

"పదిహేను."

గొర్రెల మంద దగ్గర మరీ గట్టిగా తొక్కేశాను. వెనక వస్తున్న ట్రాక్టరు కొంచెంలో తప్పింది. ట్రాక్టరతను దిగొచ్చి మా ఆవిడను తిట్టాడు. ఆవిడ తొక్కలేదు, నేను తొక్కాను. నేను కిటికీలోంచి గొర్రెలను చూస్తూ కూర్చున్నాను. అతను వెళ్ళాక ఆవిడ కారు పక్కకు ఆపింది.

"ఏమండీ, మీరు వెనక్కి వెళ్ళండి."

"ఎందుకు?"

"తొక్కేది మీరు, తిట్లు నాకు. వెనక్కి వెళ్ళండి."

వెళ్ళాను. సంచులకూ నీళ్ళ డబ్బాకూ మధ్య ముడుచుకుని కూర్చున్నాను. మా అమ్మాయి ముందుకెళ్ళి, బ్రేకు మీద పడకుండా కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుంది.

వెనక సీట్లో కాలికి పనిలేదు. పనిలేకపోతే బుర్ర ఊరుకోదు. పది గజాల దూరంలో కుక్క తోక కనపడితే దూకే కాలు, ఆ రోజు ఎందుకు దూకలేదు?

రాస్తాను. ఇక్కడైనా రాయాలి.

మలుపు ముందు పాలబూతు గుర్తుంది. పిచ్చుక గేరు మార్చింది, బాగా మార్చింది, భేష్ అన్నాను. ఆ తర్వాత గుర్తున్నది గోడ. నోట్లో రక్తం. నేను సీట్లోంచి పక్కకు ఒరిగి ఉన్నాను, నా రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి, నా బరువంతా దాని మీద ఉంది. పిచ్చుక తల కిటికీకి కొట్టుకుని మగతగా ఉంది. మధ్యలో ఏమీ లేదు, చింపేసిన కాగితం. అలా జరగడం మూడోసారి. మొదటిది పోయినేడు స్నానాలగదిలో, రెండోది ఫిబ్రవరిలో నిద్రలో. రెండింటికీ నాలుక కొరుక్కున్నాను, రెండూ ఎవరికీ చెప్పలేదు. చెబితే బండి ముట్టనివ్వరని తెలుసు.

జనం మూగారు. ఏమైందని ఎవరో అడిగారు. "పిల్ల కంగారుపడి యాక్సిలరేటర్ తొక్కేసింది," అన్నాను. ఆలోచించి అన్నది కాదు. నోట్లోంచి వచ్చేసింది. పిచ్చుక కళ్ళు తెరిచి నా వైపు చూసి, "అవునా మావయ్యా?" అంది.

అవునన్నాను.

జూన్ 6, శనివారం

ఆ రోజు పొద్దుటి నుంచీ జరిగింది ఏదీ గుర్తులేదని పిచ్చుక మొదట్లో చెప్పేది. తలకు దెబ్బ తగిలితే అలాగే ఉంటుంది, భయం లేదని డాక్టర్లు అన్నారు. నాకూ భయం తీరింది, దేవుడు నన్ను క్షమించుగాక.

ఇవాళ పొద్దున్న కుంటుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. పాలిపోయింది. చిన్నప్పటిలాగే నా చొక్కా గుండీ పట్టుకుని తిప్పుతూ మాట్లాడింది.

"మావయ్యా, ఇప్పుడు కొంచెం కొంచెం గుర్తొస్తోంది. మీరు బ్రేక్, బ్రేక్ అని అరిచారు. నా కాలు పక్కకి జారింది. మీరు మీ బ్రేకు కూడా తొక్కారు, అప్పటికే గోడ వచ్చేసింది. అంతే కదా?"

ఆ రోజు ఆసుపత్రి వరండాలో నిలబడి ఫోనులో అక్కకు నేను చెప్పిన కథ అది. ఒక్క ముక్క తేడా లేదు. నేను అల్లిన కథ దానికి జ్ఞాపకమై కూర్చుంది.

"మీకు దెబ్బలేమైనా తగిలాయా అని అసలు అడగనేలేదు నేను," అంది. "ఇరవై ఆరేళ్ళలో మీ స్కూలుకి ఒక్క మచ్చ లేదు. నా వల్ల వచ్చింది."

"ఊరుకోమ్మా," అన్నాను. వెళ్ళి మొహం కడుక్కున్నాను.

మధ్యాహ్నం ఇంకో గండం. మా బావ మోటారు పంపులు బాగుచేస్తాడు. ఇంటి ముందంతా విప్పిన పంపులే, కాలు పెట్టే చోటుండదు. ఏ యంత్రం కనపడినా చెయ్యి పెట్టకుండా ఉండలేడు. నేను చూసేసరికి మా కారులో తలదూర్చి, నా వైపు బ్రేకును చేత్తో నొక్కుతున్నాడు.

"ఏమోయ్ బావమరిదీ, ఇది భేషుగ్గా పడుతోందే? మరి ఆ రోజు ఎందుకు పట్టలేదు?"

ఊరికే అడిగాడు, పంపుల మనిషి అడిగినట్టు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నాకు చెమటలు పోశాయి.

"తర్వాత మార్పించాను బావా. పాతది అరిగిపోయింది."

"అరిగిన బ్రేకుతో పిల్లని కూర్చోబెట్టావా?"

"అరిగిందని ఆ తర్వాతే తెలిసింది."

అతను కాసేపు నన్ను చూసి, చేతులు గుడ్డకు తుడుచుకుని పంపుల దగ్గరికి వెళ్ళిపోయాడు. మా ఆవిడ దండెం మీద తువ్వాళ్ళు ఆరేస్తోంది. అంతా విన్నదని ఆ తువ్వాలును మూడుసార్లు దులపడం చూసి తెలిసింది. ఆ బ్రేకు ఎప్పుడూ మార్చలేదని ఆమెకు తెలుసు, రిపేరు కాగితాలన్నీ ఫైల్లో పెట్టేది ఆమే.

డాక్టరమ్మ నిన్న కూడా ఫోను చేసిందట. జూన్ ఆఖరు అంది, మోకాలు తగ్గేదాకా జూలై అయినా పరవాలేదు అందట. అంత మంచిది ఆవిడ. ఎందుకు మంచివాళ్ళంతా నా నెత్తినే పడతారో.

రేపు చెబుతాను. అందరూ ఉన్నప్పుడు చెబుతాను. మూడే మాటలు, నాకు ఫిట్స్ వచ్చాయి. అక్క నన్ను ఎత్తుకుని పెంచింది, నాలుగు తిట్లు తిడుతుంది, అంతేగా.

జూన్ 7, ఆదివారం

చెప్పాను.

ఇంటికి చేరి రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

బయల్దేరే ముందు అందరం భోజనాలకు కూర్చున్నాం. అక్క వడ్డిస్తోంది. పిచ్చుక కాలు బల్ల మీదికి చాపి నా ఎదురుగా ఉంది. నేను ముద్ద కలపడం ఆపి, "అక్కా, ఒక మాట," అన్నాను. అందరూ చూశారు. "ఆ రోజు తప్పంతా నాదే. పిల్లది చేసిందేమీ లేదు."

అక్షరం అక్షరం ఇవే అన్నాను. దీనికి ఐదుగురు సాక్షులున్నారు.

అక్క గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "చూశారా," అంది అందరితో, "చిన్నప్పటి నుంచీ ఇంతే వీడు. పక్కింటి వాళ్ళ కుండ నేను పగలగొడితే, తనే పగలగొట్టానని చెప్పి దెబ్బలు తిన్నాడు. ఒరేయ్, నువ్వు బంగారం రా."

పిచ్చుక ఏడుస్తూ నవ్వింది. "మావయ్య నన్ను ఊరడించడానికి అంటున్నారమ్మా. నాకు తెలీదూ?"

మా బావ కూడా నా భుజం తట్టాడు. నిన్నటి అనుమానం మొహంలో లేదు. "మనసు పెద్దదోయ్ నీది," అన్నాడు.

అప్పుడు ఇంకొక్క వాక్యం చెప్పాలి. 'అలా కాదు, నాకు ఫిట్స్ వచ్చాయి.' నోటిదాకా వచ్చింది. నిజంగా వచ్చింది. మా ఆవిడ తన కంచంలోంచి తలెత్తి నన్నే చూస్తోంది. ఇంతలో అక్క నా కంచంలో ఇంకో గరిటె వేసింది, వద్దన్నా వినకుండా. నేను తినేశాను.

'తప్పంతా నాదే' అని మేనమామ అన్నవాడు ఎవడైనా అంటాడు. ఆ మాటను ఎవరూ నమ్మరు. అది తెలిసే ఆ మాట ఏరుకున్నానా? లేదు. ఆ క్షణాన అదే దొరికింది. నేను చెప్పాను, వాళ్ళు నమ్మలేదు. చెప్పడం వరకే నా చేతిలో ఉంది.

చేతులు కడుక్కున్నాక పిచ్చుకే అడిగింది. "ఏదో కాగితం మీద నేను సంతకం పెట్టాలటగా? అమ్మ చెప్పింది." నిన్న అక్కతో మాటల్లో అన్నాను, ఊరికే, ఏదో ఆఫీసు తతంగం ఉందని. కారులోంచి తెచ్చిచ్చాను. పిచ్చుక పంపుల బల్ల మీద పెట్టుకుని చదివింది. అదొక్కతే ఆ ఇంట్లో దేన్నైనా పూర్తిగా చదివేది.

"తొమ్మిదోది నింపలేదేంటి మావయ్యా?"

"చూద్దాంలేమ్మా, తర్వాత..."

"మొహమాటపడుతున్నారు," అంది. "రెండేళ్ళేగా. డాక్టరమ్మకి నేను చెప్పుకుంటాలెండి." 'అ' ఎదురుగా తనే టిక్కు పెట్టింది. కింద సంతకం చేసి, సిరా ఆరాలని ఊది మరీ ఇచ్చింది.

టిక్కు నేను పెట్టలేదు. అది మాత్రం గుర్తుంచుకోవాలి.

తిరుగు ప్రయాణంలో మా ఆవిడ నన్ను ముందు సీట్లో కూర్చోమంది. మా అమ్మాయి వెనక చెవుల్లో పాటలు పెట్టుకుని నిద్రపోయింది. రెండు గంటలు ఆవిడ అదే యాభైలో నడిపింది. నేను ఒక్కసారి కూడా బ్రేకు తొక్కలేదు, ఆమె మెచ్చుకుంటుందేమోనని. ఇటుకబట్టీలు దాటాక రోడ్డు చూస్తూనే మాట మొదలుపెట్టింది.

"ఏప్రిల్ పద్నాలుగున మీ చొక్కా ఉతికింది నేను. కాలరు మీద రక్తం. ఒంటి మీద ఒక్క గీత లేదు మీకు. ఫిబ్రవరిలో దిండు గలేబు మీదా అంతే."

నేను కిటికీ అద్దం దించాను.

"మా చిన్నాన్నకి ఫిట్స్ ఉండేవి. నాకు చెప్పాలా?"

"తెలిసీ ఊరుకున్నావా మరి?"

"మీరు చెబుతారని చూశాను. మీరు చెబితే బండి నడిపేవాళ్ళు ఇంట్లో ఒకరు ఉండాలి కదా, అందుకే నేర్చుకున్నాను. ఆ ఎదురు వీధి వాడి వెకిలి నవ్వులు భరించి నేర్చుకున్నాను. మీరు చెబుతారేమోనని ఎనిమిది వందల కిలోమీటర్లు నడిపాను ఈ మూడు రోజులూ."

"చెప్పాను కదా. నువ్వూ విన్నావుగా."

ఆమె నవ్వింది. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఆ నవ్వు నేనెప్పుడూ వినలేదు. వినకుండా ఉండాల్సింది.

"అయితే నువ్వే చెప్పు మా అక్కకి," అన్నాను. "నీకు అంత ఇదిగా ఉంటే."

"నేను చెబితే మీరు కాదంటారు. మీ అక్క మిమ్మల్నే నమ్ముతుంది. నేను ఆడపడుచు ఇంట్లో చిచ్చు పెట్టినదాన్ని అవుతాను." ఒక లారీని దాటించి, మళ్ళీ తన వరసలోకి వచ్చింది. "రేపు నాలుగింటి దాకా టైముంది. ఆఫీసులో ఖాళీ కాగితాలు దొరుకుతాయి. ఇంక నేను అడగను."

అడగలేదు.

జూన్ 8, సోమవారం

మూడింటికే వెళ్ళాను. కిటికీ పక్కన బల్ల మీద ఖాళీ కాగితాలు కట్టలుగా ఉన్నాయి. ఒకటి తీసుకున్నాను. నించునే నింపాను, ఎనిమిది గడులు. మొదటిసారి కంటే చక్కటి చేతిరాత. తొమ్మిదో గడికి వచ్చేసరికి, "నలభై నిమిషాల్లో మూసేస్తాం, త్వరగా కానివ్వండి," అన్నాడు గుమాస్తా.

నిదానంగా ఆలోచిస్తే దీనివల్ల ఎవరికి లాభం? స్కూలు మూతపడుతుంది. అసిస్టెంటు వీధిన పడతాడు. మా అమ్మాయి చదువు ఆగుతుంది. పిచ్చుక ఇరవై ఒక్కేళ్ళది, రెండేళ్ళు దానికో లెక్కా. నా వయసులో రెండేళ్ళంటే రెండేళ్ళు. పైగా అది సంతోషంగా పెట్టింది సంతకం. కొత్త కాగితం మీద ఆ సంతకం ఎక్కడిది? దానికి మళ్ళీ నాలుగు వందల కిలోమీటర్లు వెళ్ళాలి.

స్టూడెంటు సంతకం తర్వాతైనా తెచ్చుకోవచ్చని బల్ల మీద అట్టముక్క మీద రాసి ఉంది. చదివాను. ఇది రాయకపోయినా పోయేది.

పాత కాగితం ఇచ్చాను. గుమాస్తా స్టాంపు కొట్టి, "ఈ కాలం పిల్లలు అంతే సార్, కంగారెక్కువ," అన్నాడు. అవునన్నాను.

ఇంటికి వచ్చాక మా ఆవిడ, "ఇచ్చారా?" అంది. ఇచ్చానన్నాను. "ఏది?" అనలేదు. నా మొహం చూసి, మేకుకు వేలాడుతున్న కారు తాళాలు రెండు జతలూ తీసి తన సంచిలో వేసుకుంది. "స్కూలు నడుపుకోండి. బండి మాత్రం కాదు. పిల్లలెవరూ మీ పక్కన కూర్చోరు," అంది. కాదంటే ఏం చేస్తావని అడగలేదు. చేస్తుంది.

జూన్ 11, గురువారం

మాటల్లేవు. కంచం పెడుతుంది, తీస్తుంది.

జూన్ 19, శుక్రవారం

నా లైసెన్సు ఐదేళ్ళకు కొత్తగా రాసి పంపారు. డాక్టరు సర్టిఫికెట్ అడగలేదు, మచ్చలేని సర్వీసని. ఆఫీసు గోడకు అద్దం కట్టించి పెట్టాను. దాని కింద కూర్చుని మలుపులూ ఎత్తులూ చెబుతున్నాను.

సాయంత్రం పిచ్చుక ఫోను చేసింది. డాక్టరమ్మ వేరే మనిషిని పెట్టుకుందట. బాధపడొద్దని నాకే చెప్పింది. పట్టీ తీసేశారట, వాళ్ళ నాన్న దగ్గర పంపులకు తీగలు చుట్టడం నేర్చుకుంటోందట.

"రెండేళ్ళవగానే మీ దగ్గరికే వస్తాను మావయ్యా," అంది. "ఇంకెవరి పక్కనైనా కూర్చుని నడపాలంటే నాకు భయం. మీరైతే ధైర్యం."

రామ్మా, అన్నాను.